కుడి పెడల్

ఆ రోజు కూడా ఇంట్లో అందరికంటే ముందు బకెట్టే నిద్ర లేచింది. షెడ్డులో నాన్న ట్రాక్టరు రేడియేటరులోంచి పాత నీళ్ళు దింపుతున్నాడు. ఆ నీళ్ళు బకెట్టు అడుగున గలగలమంటూ, నిండే కొద్దీ గొంతు మార్చుకుంటున్న చప్పుడు వంటింట్లో పాలు కాస్తున్న కూతురికి స్పష్టంగా వినిపిస్తోంది. నిన్నా దింపాడు, మొన్నా దింపాడు. అమ్మ పడిపోయిన నాటి నుంచి అడుగు కదలని బండికి రోజూ నీళ్ళు మార్చే మనిషిని ఆమె ఇంకెక్కడా చూడలేదు.

"మళ్ళీ మొదలెట్టాడా మీ నాన్న?" గుమ్మంలో కూర్చుని బఠాణీలు ఒలుస్తున్న అత్త అంది. "ఆ బండికి చేయించినన్ని స్నానాలు చిన్నప్పుడు వీడు చేసుంటే, మా అమ్మ ఎంత సంతోషించేదో."

అత్త అంటే నాన్నకి అక్క. రెండిళ్ళ అవతలే ఉంటుంది. అమ్మని ఆసుపత్రి నుంచి తీసుకొచ్చిన దగ్గర్నుంచి తెల్లారగానే వచ్చి కూర్చుంటోంది. ఆవిడ నోరు ఊరుకోదు, చెయ్యీ ఊరుకోదు.

కూతురు నవ్వలేదు. పాలలో రొట్టెముక్కలు నానేసి, గిన్నె పట్టుకుని అమ్మ గదిలోకి వెళ్ళింది.

అమ్మ మంచం కిటికీ పక్కనే ఉంది. ఆ కిటికీ తెరిస్తే ఎదురుగా షెడ్డు. నాన్న పానాలు పడేసే చప్పుడు అమ్మ చెవిన పడకూడదని కూతురే దాన్ని మూసి, గడియ పెట్టింది. అమ్మ దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉంది. కుడి చెయ్యి ఒళ్ళో పెట్టింది పెట్టినట్టే ఉంది. చెంచా నోటికి అందించినప్పుడల్లా కుడి పక్క పెదవి చివర్నుంచి పాలు జారుతున్నాయి. కూతురు తుడుస్తోంది. అమ్మ మాత్రం కిటికీ వైపే చూస్తూ ఎడమ చేత్తో దాని చెక్కని తట్టింది.

"చప్పుడు చిరాగ్గా ఉందా అమ్మా? మూసేశానుగా. ఇంకేం వినపడదులే."

అమ్మ ఏదో అనబోయింది. మాట గొంతు దాకా వచ్చి చిక్కు పడింది. కళ్ళు మూసుకుంది.

అంతలో గుమ్మం దగ్గర నాన్న నీడ పడింది. గుడ్డముక్కతో వేళ్ళు తుడుచుకుంటూ, గడప అవతలే నిలబడి, "తిన్నదా?" అన్నాడు.

"లోపలికొచ్చి నువ్వే అడగొచ్చుగా."

"చేతులు నల్లగా ఉన్నాయిలే," అంటూ వెనక్కి తిరిగాడు.

రోజూ ఇదే తంతు. చేతులు నల్లగా లేని రోజు ఆయనకి లేదు, గడప దాటిన రోజూ లేదు. గిన్నెలో మిగిలిన పాలు చూస్తూ కూతురు పళ్ళు బిగపట్టింది. ముప్ఫై ఏళ్ళకి పైగా కాపురం చేసిన మనిషి మంచాన పడితే, పక్కన కూర్చోవడానికి చేతుల నలుపు అడ్డొచ్చిందట!

ఆ ట్రాక్టరంటే ఆమెకి ఒకప్పుడు ఇంత కోపం లేదు. అది తాతయ్య నాటిది. రంగు ఎప్పుడో పోయింది. కొమ్ములు లేని ముసలి ఎద్దులా షెడ్డులో నిలబడి ఉంటుంది. ఇంట్లో అందరూ దాన్ని 'ముసలోడు' అనే పిలుస్తారు. దానికి రెండు బ్రేకులు. ఎడమ చక్రానికి ఎడమ కాలి కింద ఒక పెడల్, కుడి చక్రానికి కుడి కాలి కింద ఒక పెడల్. రెండూ సమానంగా పట్టాలి. ఒకటి గట్టిగా, ఒకటి వదులుగా ఉంటే, ఆపబోయినప్పుడు బండి గిర్రున ఒక పక్కకి తిరిగిపోతుంది.

ఆ సమానం చూడ్డం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. వెనక చక్రాలు రెండూ నేలకి ఆనకుండా జాకీలు పెట్టి ఎత్తాక, ఒకరు సీటు మీద కూర్చుని పెడల్ నొక్కాలి, ఒకరు కింద కూర్చుని చేత్తో చక్రం తిప్పి చూస్తూ నట్టు బిగించాలి. సీటు మీద ఎప్పుడూ అమ్మే. కొంగు నడుముకి చుట్టి, చెప్పులు కిందే విడిచి ఎక్కి కూర్చునేది.

"నొక్కు!"

"నొక్కా."

"వదులు!"

"వదిలా. ఇంకోసారి పొయ్యి మీద అన్నం పెట్టినప్పుడు పిలిచారంటే మీ చక్రం మీరే నొక్కుకోండి!"

కూతురు చదువుకుంటూ, జడ వేసుకుంటూ విన్న మాటలవి. వాళ్ళిద్దరూ కూర్చుని కబుర్లు చెప్పుకోవడం ఆమె పెద్దగా చూడలేదు. బహుశా అవే వాళ్ళ కబుర్లేమో.

అమ్మ పడిపోవడానికి ముందు కొన్ని నెలలుగా నాన్న ఫోన్ చేసినప్పుడల్లా ముసలోడి గోలే. "కుడి పక్కకి గుంజుతున్నాడు అమ్మడూ. ఎడమ చక్రం విప్పి చూశా, బ్రేకు లైనర్ల మీదకి నూనె దిగిందేమోనని. ఏం లేదు. పైగా నీళ్ళు మరిగిపోతున్నాయి. రేడియేటరు రెక్కల్లో పొట్టంతా దులిపేశా, లోపల సున్నం పట్టిందేమోనని కడిగేశా. అయినా పొలం ఒక చుట్టు తిరిగొచ్చేసరికి కుతకుతమంటున్నాడు." ఆమె చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని, ఇంటిపని చేసుకుంటూ, "ఊ... ఊ" అనేది.

గిన్నె కడిగి బోర్లించి ఆమె నేరుగా షెడ్డులోకి నడిచింది. అత్త బఠాణీల పళ్ళెం చంకన పెట్టుకుని వెనకే వచ్చింది. గొడవ జరుగుతుంటే దూరంగా ఉండటం ఆవిడ వల్ల కాదు.

"నాన్నా, మధ్యాహ్నం మా ఆయన కారు తీసుకొస్తున్నారు. అమ్మని మా ఇంటికి తీసుకెళ్తున్నాం."

రేడియేటరులో నీళ్ళు పోస్తున్న నాన్న చెయ్యి ఆగింది. "అడుగుతున్నావా, చెప్తున్నావా?"

"చెప్తున్నాను."

ఆయన మిగతా నీళ్ళు కూడా పోసి, మూత బిగించి, "సరే," అన్నాడు.

ఆ 'సరే'తో ఆమెకి ఒళ్ళు మండిపోయింది. వద్దంటాడనీ, కాదంటాడనీ, ఇది నా ఇల్లు, ఆమె నా భార్య అని అరుస్తాడనీ గిన్నె కడుగుతూనే జవాబులు కూర్చుకుని వచ్చింది. అవేవీ అక్కర్లేకుండా పోయాయి.

"సరే! అంతేనా? పోనీలే, పీడ విరగడైందనుకుంటున్నావా? ఒక్క రోజు, ఒక్క పూట ఆ గదిలో కూర్చున్నావా నువ్వు? ఆవిడ చెయ్యి పట్టుకున్నావా? ఈ ఇనప ముద్దకి రోజూ నీళ్ళు పడతావు, తుడుస్తావు, దువ్వెన ఒక్కటే తక్కువ! అమ్మకి ఒక గ్లాసు నీళ్ళిచ్చావా నీ చేత్తో?"

"ఒసేయ్, నెమ్మది," అంది అత్త. "కిటికీ మూసున్నా గోడలకి చెవులుంటాయి."

"విననీ అత్తా. ఆవిడకీ తెలియాలిగా, ఈయనకి ఎవరు ముఖ్యమో."

నాన్న తల ఎత్తలేదు. గుడ్డతో రేడియేటరు మూత తుడిచిందే తుడుస్తూ చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత, "కారు పైకి రాదు," అన్నాడు. "మొన్నటి వానలకి కాలువ మీద తూము కొట్టుకుపోయింది. పెద్ద చక్రాలైతేనే దాటతాయి. మీ అమ్మని రోడ్డు దాకా ముసలోడి మీదే దింపాలి. ట్రాలీలో పరుపేసి."

"అయితే దింపు."

"ఆ వాలు చూశావుగా. బ్రేకులు సరిచూడందే మీ అమ్మని ఎక్కించను." గుడ్డ భుజాన వేసుకున్నాడు. "పెడల్ నొక్కడానికి మనిషి కావాలి."

ముగ్గురూ ఖాళీ సీటు వైపు చూశారు.

"నా వంక చూడకు," అంది అత్త. "నా మోకాళ్ళు నా మాటే వినవు, నీ మాట ఏం వింటాయి."

కూతురు చెప్పులు విడిచి, ఎక్కి కూర్చుంది. ఇనప సీటు చల్లగా తగిలింది. దాని మీద పాత చీర ముక్కతో కుట్టిన చిన్న దిండు ఉంది. అమ్మ కుట్టు ఆమె గుర్తుపట్టింది. మనసు ఏదోలా అయినా కోపం మీద దాన్ని పక్కకి నెట్టేసింది.

నాన్న ముందు చక్రాలకి దుంగలు అడ్డం పెట్టాడు. జాకీల మీద వెనక చక్రాలు నేల విడిచి లేచాయి. ఎడమ వైపు కూర్చుని, "నొక్కు," అన్నాడు.

ఆమె నొక్కింది. చక్రం ఆగింది. వదిలింది. చక్రం తేలిగ్గా తిరిగింది.

"ఎడమది బాగుంది," అంటూ నాన్న పాకుతున్నట్టుగా కుడి వైపుకి వెళ్ళాడు. చక్రం మీద చేతులు వేసి తోశాడు. కదల్లేదు.

"వదులు."

"వదిలా."

"వదల్లేదు. చక్రం తిరగడం లేదిక్కడ."

"వదిలా నాన్నా! అసలు నా కాలు పెడల్ మీదే లేదు."

నాన్న లేచి చూశాడు. ఆమె కుడి కాలు నిజంగానే పక్కన ఉంది.

"కదలకుండా ఉండి తుప్పు పట్టుంటుంది," అని గొణుగుతూ మళ్ళీ కిందికి వంగాడు. పానాతో నట్టు వదులు చేశాడు. చక్రం రాలేదు. ఇంకొంచెం వదులు చేశాడు. కరకరమంటూ కొద్దిగా జరిగి ఆగింది. మళ్ళీ వదులు చేశాడు. అలా ఆ నట్టు వెనక్కి వస్తూనే ఉంది. దాచుకున్న బోల్టు మరలన్నీ ఒక్కొక్కటే బయట పెడుతోంది. నాన్న ఎడమ వైపు వెళ్ళి చూసి వచ్చాడు. అక్కడ నట్టుకి బయట మర ఎంత కనిపిస్తోందో కుడి వైపూ అంతే కనిపించే దాకా తిప్పాడు. చక్రాన్ని వేలితో నెట్టాడు. హాయిగా తిరిగింది.

"ఇప్పుడు నొక్కు."

ఆమె నొక్కింది. చక్రం ఠక్కున ఆగింది. ఎడమది ఎలా ఆగిందో అచ్చం అలాగే.

"బాగైపోయిందిగా," అంది కూతురు. "దిగనా?"

ఆమె సీటు అంచుకి జరిగింది.

"నాన్నా?"

ఆమె వంగి చూసింది. నాన్న తడి నేల మీద చతికిలబడి ఉన్నాడు. పానా చేతిలోనే ఉంది. చక్రం వైపే చూస్తున్నాడు గానీ, చక్రాన్ని చూస్తున్నట్టు లేదు.

"దీనికేం లేదు," అన్నాడు. "బండికి ఏ రోగమూ లేదు అమ్మడూ. ఎప్పుడూ లేదు."

"మరి కుడికి గుంజుతోందన్నావుగా?"

"నేనే గుంజేలా చేశాను." నాన్న మాటలు ఒక్కొక్కటిగా వస్తున్నాయి. "మీ అమ్మ ఎడమది నొక్కితే చక్రం ఆగేది. కుడిది నొక్కితే నా చేతుల్లో తిరుగుతూనే ఉండేది. 'నొక్కవే' అనేవాణ్ణి. 'నొక్కుతున్నా' అనేది. బ్రేకు వదులైందనుకుని నట్టు బిగించేవాణ్ణి. తర్వాతి సారి మళ్ళీ అదే. మళ్ళీ బిగించేవాణ్ణి. చక్రం ఎప్పుడూ పట్టేసే ఉంటే ఇంజను ఈడ్చలేక వేడెక్కదా? నీళ్ళు మరగవా? నేను రేడియేటరు కడుక్కుంటూ కూర్చున్నా..."

పానా నేల మీద పెట్టాడు.

"వదులైంది బ్రేకు కాదే. దాని కాలు."

అత్త చేతిలో పళ్ళెం పక్కకి ఒరిగి రెండు మూడు బఠాణీలు దొర్లిపోయాయి. ఆవిడ వాటి వంక కూడా చూడలేదు.

ఆసుపత్రిలో డాక్టరు అడిగిన మాట కూతురికి గుర్తొచ్చింది. "ఇది ఒక్కసారిగా వచ్చినట్టు లేదు. కొందరికి ముందు నుంచే చిన్నచిన్నగా వచ్చి పోతుంటుంది. కాలు ఈడవడం, పట్టు తప్పడం లాంటివి ఎవరైనా గమనించారా?" ఆమె నాన్న వైపు చూసింది, నాన్న ఆమె వైపు చూశాడు. "లేదండీ, ఏమీ లేదు," అన్నారు ఇద్దరూ. చాలా నమ్మకంగా అన్నారు.

"కాలు నొక్కుతోందో లేదో ఒక్కసారి లేచి చూస్తే తెలిసేది," అన్నాడు నాన్న. "చూడలేదు. అరిచాను. తిన్న తిండంతా ఎటు పోతోందన్నాను. ఆఖరుసారి ఏమన్నానో తెలుసా? 'నువ్వు దిగు, నీకంటే ఆ పెడల్ మీద ఇటుకరాయి పెట్టుకోవడం నయం' అన్నాను. ఏమీ అనలేదు. దిగింది. దిగుతుంటే చెప్పు కాలికి ఎక్కలేదు. అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. ఆ తర్వాత పడిపోయేదాకా నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడాలన్నా దానికి మాట తిన్నగా రాదు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను ఆ గదిలోకి?"

ఆ చెప్పు సంగతి కూతురికీ తెలుసు. కిందటిసారి వచ్చినప్పుడు అమ్మ కుడి చెప్పు వాకిట్లో ఒంటరిగా పడి ఉండటం తనూ చూసింది. ఒకసారి కాదు. "ఏంటమ్మా, చిన్నపిల్లలా చెప్పులు ఎక్కడివక్కడ వదిలేస్తావు?" అని నవ్వింది. అమ్మ కూడా నవ్వింది. ఆ తర్వాత వెనక పట్టీ ఉన్న చెప్పులు కొనిచ్చి, ఇక జారవులే అంది. ఎందుకు జారుతున్నాయో అడగలేదు. సమస్య తీర్చేసినట్టే అనుకుని బస్సెక్కింది.

ఇందాక నాన్నని ఎన్ని మాటలంది! ఆ మాటలన్నీ ఇప్పుడు తిరిగొచ్చి తన ముందే వరసగా నిలబడ్డాయి.

ఆమె సీటు దిగి నాన్న పక్కనే నేల మీద కూర్చుంది. "నేనూ చూశాను నాన్నా," అంది.

"ఒరేయ్ తమ్ముడూ, లేవరా," అంది అత్త. ఆవిడ గొంతులో వెటకారం లేదు. "నేల తడిగా ఉంది. ఆ ఏడుపేదో దాని దగ్గరికెళ్ళి ఏడు. ఇక్కడ ఇనుము దగ్గర ఏడిస్తే ఏముంది?"

నాన్న లేచాడు. పంపు దగ్గర సబ్బుతో మోచేతుల దాకా రుద్దుకున్నాడు. ఎంత రుద్దినా గోళ్ళ సందుల్లో నలుపు పోలేదు. ఈసారి ఆ నలుపుతోనే గడప దాటాడు.

అమ్మ కళ్ళు తెరిచింది. మొగుడు గదిలోకి రావడం చూసి, ఏదో జరిగిందన్నట్టు గుమ్మంలో ఉన్న కూతురి వైపు కంగారుగా చూసింది. నాన్న కుర్చీ వైపు వెళ్ళలేదు. మంచం కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని, దుప్పటి పక్కకి తీసి, అమ్మ కుడి పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"ఛ... ఛ... కాళ్ళు..." అమ్మ పాదం లాక్కోబోయింది. పాదం రాలేదు. "కాళ్ళు... పట్టుకుంటారేంటి..."

"నట్టు వదులు చేశాను," అన్నాడు నాన్న. "చాలా దూరం వచ్చింది. అంతా నేనే బిగించాను. నీ కాలి మీద బిగించాను."

అమ్మ ఆయన్నే చూసింది. తర్వాత పెదవులు కూడదీసుకుంది. ఒక్కో మాట చాలా దూరం నుంచి నడిచొచ్చినట్టు వచ్చింది.

"తెలుసు... నాకు."

"తెలుసా? కాలు పట్టు తప్పుతోందని తెలుసా? మరి చెప్పలేదేమే?"

"చెప్తే... సీటు... ఎక్కనివ్వరుగా."

నాన్న నుదురు ఆ పాదం మీద ఆన్చాడు. అమ్మ ఎడమ చెయ్యి ఆయన తల దాకా అందలేదు. గాలిలో అలాగే ఉండి, చివరికి కిటికీ వైపు తిరిగింది. చెక్కని తట్టింది, పొద్దున తట్టినట్టే. కూతురికి ఇప్పుడు అర్థమైంది. గడియ తీసి రెండు తలుపులూ బార్లా తెరిచింది. ఎదురుగా షెడ్డు, అందులో ముసలోడు, సీటు మీద చీరముక్క దిండు. అమ్మ మొహంలో వెలుతురు పడింది. ఇన్నాళ్ళూ అక్కడి చప్పుడు అమ్మకి వినపడకుండా కూతురే ఆపేసింది.

ఫోన్ మోగింది. భర్త. తూము దగ్గర దాకా వచ్చేశాడట. సామాను సర్దారా, అమ్మని దింపుతున్నారా అని అడుగుతున్నాడు.

"కారు అక్కడే పెట్టి నడిచి రండి," అంది ఆమె. "లేదు, ఇవాళ తీసుకెళ్ళడం లేదు. వచ్చాక చెప్తాను. నేనే ఇంకొన్నాళ్ళు ఇక్కడుంటాను."

ఫోన్ పెట్టేసి వాకిట్లోకి వచ్చింది. గోడ వారన అమ్మ చెప్పులు ఉన్నాయి, తను కొనిచ్చినవే. వంగి చేతిలోకి తీసుకుంది. ఎడమ చెప్పు ఇంకా కొత్తగానే ఉంది. కుడిదాని ముందు భాగం మాత్రం నేలకి రాసుకుని రాసుకుని అరిగి, లోపలి దారాలు పైకి లేచాయి. అందరూ రోజూ నడిచే వాకిలే అది. అందరూ చూసే చోటే ఉన్నాయి.

అరిగిన చోట బొటనవేలితో తడుముతూ ఆమె అక్కడే నిలబడిపోయింది. అత్త వచ్చి పక్కన నిలబడింది.

తెరిచిన కిటికీలోంచి నాన్న గొంతు వినిపించింది. పాదం కింద అరచెయ్యి పెట్టి ఉంటాడు.

"నొక్కు."

మంచం కిర్రుమంది.

"నొక్కు... తున్నా."

"ఊ," అన్నాడు నాన్న. ఆ అరచేతికి ఏమైనా తెలిసిందో, తెలియకపోయినా అన్నాడో కూతురికి తెలియదు. "తెలుస్తోందిలే. నిదానంగా నొక్కు. నేనిక్కడే ఉన్నా."